చూశానన్న సంతకం

ఆయన ఇరవై ఆరేళ్లుగా దివాలా కేసులు తప్ప మరొకటి ముట్టలేదు. కోర్టులో అందరికీ జాబితా వకీలు. అప్పుల్లో మునిగి వచ్చినవాడి చేత ఇంట్లో ఉన్న చెంచాతో సహా రాయిస్తాడు. అప్పిచ్చినవాళ్లు పట్టుకుపోకూడని వస్తువులకు వేరే గడి ఉంటుంది. అందులో ఒక్కటీ తప్పిపోనివ్వడు. అందుకే అక్కడొక పద్ధతి ఏర్పడింది. తోటి వకీళ్లు జాబితా దాఖలు చేసేముందు ఆయన చేత చదివించి, తమ కాపీ మీద ‘చూశాను’ అని సంతకం పెట్టించుకుంటారు.

అంతటి మనిషిని కాదని, వకీళ్ల సంఘానికి అధ్యక్షురాలిగా నిన్నమొన్న తన దగ్గర పని నేర్చుకున్న పిల్లను అనుకుంటున్నారట! అందరికీ ఆమె చెల్లెమ్మ. ఆమె వస్తే కుర్చీ జరిపి కూర్చోమంటారు. ఈయన వస్తే తలలు కాగితాల్లోకి దించుకుంటారు. కడుపు మండదా మరి?

“పదేళ్ల అనుభవం లేదు, అధ్యక్షురాలట!” అని ఇంట్లో విసుక్కున్నాడు.

“మీరు ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడి ఎన్నాళ్లయిందండీ?” అంది భార్య.

మర్నాడు చెల్లెమ్మ ఒక దర్జీ ఆవిడ జాబితా తెచ్చింది.

“కాస్త చూసిపెట్టండి అన్నయ్యా. మధ్యాహ్నమే విచారణ.”

రెండో పేజీలో ఆయన చూపు ఆగింది. కుట్టుమిషను ఆ గడిలో లేదు. అలాగే వదిలేస్తే వేలానికి పోతుంది. ఆయన ‘చూశాను’ అని రాసి సంతకం పెట్టి ఇచ్చేశాడు.

మధ్యాహ్నం వేడుక చూద్దామని వెనక బల్ల మీద కూర్చున్నాడు. అప్పిచ్చినవాళ్ల వకీలు లేచి మిషను మాట ఎత్తాడు.

“అది పోతే నేనెట్లా బతకాలమ్మా?” అని దర్జీ ఆవిడ చెల్లెమ్మ చెయ్యి పట్టుకుంది.

“ఇదెలా తప్పిపోయింది?” అన్నాడు జడ్జి.

సంతకం చూపించేస్తుందేమోనని జాబితా వకీలు ముందున్నవాడి వెనక్కి ఒదిగాడు.

“తప్పు నాదేనండి. రేపటికి సరిచేసి తెస్తాను” అంది చెల్లెమ్మ.

జడ్జి గడువిచ్చాడు. బయటికి రాగానే నలుగురు వకీళ్లు ఆమె చుట్టూ చేరి పని పంచుకున్నారు. తనకే ఇలా జరిగితే ఒక్కడైనా వచ్చేవాడా? జాబితా వకీలుకు మునుపటికన్నా ఎక్కువ కుళ్లు పుట్టింది.

చెల్లెమ్మ వాళ్లను వదిలి ఆయన దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

“ఏమీ అనుకోకండి అన్నయ్యా, ఒకసారి కళ్ల డాక్టరుకు చూపించుకోండి. ఇకమీదట పెద్ద అక్షరాల్లో టైపు చేయిస్తాలెండి. ఎవరికీ చెప్పను.”

తన రెండు కళ్లూ దివ్యంగా ఉన్నాయని చెప్పడానికి ఆయనకు నోరు రాలేదు.