ఓడినవారింట భోజనం

మా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు గెలిచినదానికంటే ఓడిందే ఎక్కువ. ఈ మాట నేను అనొచ్చు, ఇంకెవరన్నా అంటే మాత్రం ఊరుకోను. అమెరికా వచ్చి ఎమ్మెస్ చేసిన రెండేళ్ళలో ఒక్క ఆటకైనా స్టేడియానికి వెళ్ళిన పాపాన పోలేదు. పేరుకి ఫుట్‌బాల్ గానీ బంతిని చేత్తో పట్టుకు పరిగెత్తే ఆ ఆట ఏమిటో, అంతమంది ఒకడి మీద ఎందుకు పడతారో కూడా తెలియదు. ఉద్యోగమొచ్చి చాండ్లర్‌లో ఇల్లు కొనుక్కున్నాక మా నీలం జెర్సీ మీద అంత ప్రేమ ఎక్కణ్ణుంచి పుట్టుకొచ్చిందంటే, కారణం మా వదిన.

వదిన అంటే నాకు చుట్టమేమీ కాదు. మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటుంది. నాది తెనాలి, ఆమెది కరీంనగర్. ఇద్దరం చదివింది మాత్రం ఉత్తరాన ఒకే రాష్ట్రంలో, కార్లో గంట దూరంలో ఉన్న రెండు యూనివర్సిటీలలో. ఆ రెండింటికీ తాతల కాలం నుంచీ పడదు. ఏటా నవంబరు చివర, థాంక్స్‌గివింగ్ పండగ వారంలో శనివారం నాడు ఆ రెండు జట్లకీ ఆట ఉండేది. కాలనీ పార్కులో మొదటిసారి కలిసినప్పుడు ఆమె ఎర్ర టీషర్ట్ మీద పేరు చూసి, "అయ్యో, అక్కడ చదివారా పాపం" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, "మీకు అక్కడ సీటు రాలేదా వదినా?" అంది. ఆ వరస అలాగే ఖాయమైపోయింది.

ఆ ఏడు ఆట మా ఇంట్లో టీవీలో చూశాం. మేం ఓడాం. ఓడినా మర్యాద తప్పేవాళ్ళం కాదని చూపించడానికి మర్నాడు వదినవాళ్ళని భోజనానికి పిలిచాను. వదిన మా గుమ్మం బయటే ఆగిపోయింది. "మగపెళ్ళోళ్ళం వచ్చినం. ఎదుర్కోలు లేదా మీ ఇంట్ల?" అంది. నేను వంటింట్లోకి పరిగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చాను. ఇక చూడండి. కాఫీలో చక్కెర తక్కువంది, సోఫా గట్టిగా ఉందంది, పప్పు నోట్లో పెట్టుకుని పెదవి విరిచింది. వాళ్ళాయన మెతక మనిషి, "ఇగ చాలు" అని గొణుగుతున్నా వినిపించుకోలేదు. నేను చేతులు కట్టుకుని "చిత్తం, చిత్తం" అన్నాను. ఆ రోజు నవ్వి నవ్వి అందరికీ పొట్టలు నొప్పెట్టాయి.

అప్పణ్ణుంచీ అదే రివాజు. ఓడినవాళ్ళు ఆడపెళ్ళివారు. ఆదివారం పొద్దున్నే ఫోన్ చేసి పిలవాలి, వండాలి, పెట్టిన వంకలన్నీ పడాలి. గెలిచినవాళ్ళు మగపెళ్ళివారు. పిలవందే గుమ్మం దాటకూడదు, వచ్చాక దేనికైనా అలగొచ్చు. మేం గెలిచిన ఏడు నేను వాళ్ళ సోఫా మీద అలకపాన్పు ఎక్కి, బూరెలు వేయిస్తే గానీ దిగలేదు. పిల్లలకి ఆట కన్నా ఇదే ఇష్టం. నేను మరిచిపోయి తింటూ ఉంటే వదిన కూతురు వచ్చి, "ఆంటీ, మీరు ఇప్పుడు కంప్లైంట్ చేయాలి" అని గుర్తు చేసేది. జట్టులో ఎంతమంది ఆడతారో మా ఆయనకి ఇప్పటికీ తెలియదు. "ఈసారి ఎవరింట్లో?" అన్నదొక్కటే ఆయన ప్రశ్న.

ఇలా పదేళ్ళు నడిచాక, ఒక ఆగస్టులో ఆ వార్త వచ్చింది. ఏటా తమలో తాము ఆడుకోవడానికి కొన్ని కాలేజీలు కలిసి కట్టే కూటమిని ఇక్కడ కాన్ఫరెన్స్ అంటారు. వదినవాళ్ళ యూనివర్సిటీ మా కాన్ఫరెన్స్‌లోంచి లేచి, దేశానికి అవతలి కొసన ఉన్న పెద్ద కాన్ఫరెన్స్‌లో చేరుతోందట. టీవీ వాళ్ళు అక్కడైతే ఎక్కువ డబ్బు ఇస్తారట. మమ్మల్ని ఎవరూ రమ్మనలేదు. మిగిలినవాళ్ళూ తలో దారీ చూసుకున్నారు. ఇంకొక్క సీజన్, ఆ తర్వాత మా రెండు జట్లకీ ఆట లేదు. గంట దూరంలో ఉన్నవాళ్ళతో ఆడటం మానేసి, నాలుగైదు గంటలు విమానంలో వెళ్ళి ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఆడతారట. ఇదేం చోద్యమని లంచ్‌లో మా ఆఫీసు టీమ్ అందరి బుర్రలూ తిన్నాను.

ఆఖరి ఆట మేమే ఓడాం. అదీ చివరి నిమిషంలో. మర్నాడు పద్ధతి ప్రకారం పిలిచాను, వండాను. వదిన ఎప్పటిలాగే "ఈ సాంబార్ల ముక్కలేవి వదినా?" అని మొదలుపెట్టింది. నాకు ముందురోజు కోపం ఇంకా చల్లారలేదు.

"మీవాళ్ళకి పెద్దింటి సంబంధం కుదిరిందిగా. ఇంక మాబోటివాళ్ళ సాంబారు మీకేం నచ్చుతుందిలే" అన్నాను.

నవ్వుతూనే అన్నాను గానీ గుచ్చుకోవాలనే అన్నాను. కాన్ఫరెన్స్ మారే కాగితాల మీద ఆమే సంతకం పెట్టినట్టు. వదిన తలొంచుకుని తింది, ఇంకే వంకా పెట్టలేదు. వెళ్ళేటప్పుడు "మంచిగుంది వంట" అంది. పదేళ్ళలో నా వంటని ఆమె మెచ్చుకోవడం అదే మొదలు.

నాకు నోటి దురద ఎక్కువ, తప్పయిందని చెప్పడం మాత్రం చచ్చినా రాదు. ఆ తర్వాత పార్కులో కలిస్తే బాగానే మాట్లాడుకున్నాం. మళ్ళీ నవంబరు వచ్చింది. ఆట లేదు. ఆదివారం పొద్దున ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఓడినవాళ్ళు పిలవాలి. ఆటే లేకపోతే ఓడిందెవరు? వదిలేసి పోయింది వాళ్ళవాళ్ళు కదా, ఆమే పిలవొచ్చుగా అని పంతం వచ్చింది. ఫోన్ బోర్లించేశాను. మా ఆయన "ఎవరింట్లో" అనబోయి నా మొహం చూసి ఊరుకున్నాడు. పప్పుచారు, అప్పడాలతో కానిచ్చాం. నాకు మాత్రం ఒకటే భయం. ఈ ఊళ్ళో నాతో పోట్లాడే చనువున్న మనిషి ఆమె ఒక్కతే. ఆ చనువు పోతే ఇక ఉండేది పలకరింపులే.

మొన్న నవంబరులో, మళ్ళీ అదే శనివారం, వాళ్ళ జట్టు తూర్పు తీరాన ఎవరితోనో ఆడింది. చూడనంటూనే చూశాను. చిత్తుగా ఓడారు. ఏడాదిగా ఆ ఓటమి కోసమే ఎదురుచూసినదాన్ని సంబరపడాలి కదా. ఒళ్ళు మండింది. ఎవరో దారినపోయేవాళ్ళు వచ్చి మా వదినవాళ్ళని ఓడించడమేమిటి? ఓడిస్తే మేం ఓడించాలి గానీ.

ఆదివారం ఎనిమిదింటికి ఫోన్ మోగింది.

"వదినా, మేం ఓడినం. మధ్యాహ్నం భోజనానికి రాండ్రి."

"మీరు ఓడింది మా చేతుల్లో కాదుగా" అన్నాను.

"ఎవరి చేతులైతేంది. ఓడినం కద. ఆ గెలిచినోళ్ళు ఫ్లైట్ బుక్ చేసుకొని మా ఇంటికొచ్చి తింటరా? మీరే రాండ్రి."

వెళ్ళాం. పులిహోరలో పోపు మాడిందన్నాను. మాడలేదు, అద్భుతంగా ఉంది. అప్పడం చిన్నదన్నాను. వదిన అన్నిటికీ తలూపింది. నా ప్రాణం లేచొచ్చింది. భోజనాలయ్యాక పిల్లలు పెరట్లోకి పోయారు, మగవాళ్ళు టీవీ ముందు చేరారు. టేబుల్ దగ్గర మేమిద్దరమే మిగిలాం.

"ఆ రోజు నేనన్న మాట తప్పు వదినా" అన్నాను. నా నోటి నుంచి ఆ ముక్క రావడం నాకే ఆశ్చర్యం.

"ఏది, పెద్దింటి సంబంధమా? అది వారంల మర్చిపోయిన."

"మరి పోయినేడు ఎందుకు పిలవలేదు?"

ఆమె నా వంక వింతగా చూసింది. "నేనెట్ల పిలుస్త? ఆఖరుసారి ఓడింది మీరు. మళ్ళ ఆట పడేదాంక ఆడపెళ్ళోళ్ళు మీరే కద."

వదిన టేబుల్ మీద మెతుకులు ఏరుతూ చెప్పింది. "పొద్దుగాలనే అందరం తయారై కూసున్నం. మీ ఇంట్ల మంచిగ తినాలె అని పిల్లలకు టిఫిన్ గూడ పెట్టలే. రెండు దాంక చూసినం. ఇగ మీ ఫోన్ రాదని, పట్టుచీర మీదనే పిల్లలకు నూడుల్స్ చేసి పెట్టిన."

అప్పటికి నేను పప్పుచారు తిని, పంతంగా పడుకుని నిద్రపోతున్నాను. సిగ్గుతో నా మొహం కాలిపోయింది, కళ్ళనిండా నీళ్ళొచ్చాయి.

"ఫోన్ చేసి నాలుగు తిట్టకపోయారా వదినా" అన్నాను.

"మగపెళ్ళోళ్ళు అడిగి తింటరా?" అంది వదిన.