ఊరమిరపకాయలూ గాజుగొట్టమూ

దర్శి ఆసుపత్రిలో ఒక నర్సమ్మగారు ఉండేవారు. గర్భిణుల మూత్రాన్ని గాజుగొట్టంలో పోసి, స్పిరిటు దీపం మీద కాచి, కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి ఒక కన్ను మూసి చూసేవారు. తెల్లబడిందంటే కిడ్నీలకు కష్టంగా ఉన్నట్టే.

నాకు పెళ్ళికి ముందునుంచే బీపీ. తొలిచూలు అయిదో నెలలో గొట్టంలో సన్నటి తెల్లతెర కనిపించింది.

"ఉప్పు తగ్గించమన్నానుగా?"

"కూరలో చిటికెడే వేసుకుంటున్నానండీ."

"మరి నంజుకునేదేంటి?"

"ఊరమిరపకాయలండీ. పూటకి నాలుగు."

ఆవిడ నెత్తి కొట్టుకున్నారు. "అవి దేంట్లో ఊరాయే, పిచ్చిమొహమా!"

మిరప పండించే మా ఇళ్ళలో ఊరమిరపకాయని ఉప్పు కింద ఎవరు జమకడతారు? ఆ రోజే మానేశాను. డాక్టరుగారు బీపీ మాత్ర మార్చారు. వారం వారం ఆ కిటికీ దగ్గర నేను ఊపిరి బిగబట్టేదాన్ని. తెర పోలేదు గానీ పెరగనూ లేదు.

కాన్పయిన నెలన్నరకు పాపకి టీకా వేయించడానికి వెళ్ళాను. అందరూ పాప చుట్టూ మూగారు. నర్సమ్మగారు మాత్రం మూత్రం పట్టి తెమ్మని నా చేతికి సీసా ఇచ్చి పంపారు. గొట్టం కాచి వెలుగుకి పట్టి, చాలాసేపు చూశారు. తేటగా ఉంది.

అప్పుడు చేతులు కడుక్కుని నా వైపు చాపారు. "ఏదీ, ఇప్పుడియ్యి నీ కూతుర్ని."