అత్తయ్యగారి చేతులకు సీరం

నా తెలివితేటల వల్ల ఒక పెళ్ళికూతురి సారె ముద్దయిపోబోయిన వైనం చెబుతాను. మీరు ధారాళంగా నవ్వుకోవచ్చు. మా మావయ్యగారి ఎదుట మాత్రం వద్దు.

నేను బీఫార్మసీ చదివి ఆత్రేయపురం కోడలిగా వచ్చిన కొత్త. కడుపుతో ఉన్నాను. పూతరేకులు చుట్టడంలో మా అత్తయ్యగారిది అందె వేసిన చెయ్యి. ఆ రోజు సాయంత్రానికల్లా ఆ పెళ్ళికూతురి సారెకు పూతరేకులు అందాలి. రేకుల దొంతర ముందు కూర్చుంటూ ఆవిడ నా బుగ్గ నిమిరారు.

"ఏంటమ్మాయ్, ఇంత నిగనిగలాడిపోతున్నావు? నా చేతులు చూడు, ఎండు కొబ్బరిచిప్పల్లా ఉన్నాయి."

ఇంకేం, నా చదువు పొంగుకొచ్చింది.

"అది హార్మోన్ల మహిమండి అత్తయ్యగారూ. ఈస్ట్రోజెన్ అని ఒకటుంటుందండి. అది చెబితే చర్మం హయలురోనిక్ యాసిడ్ తయారుచేసుకుంటుంది. ఒంట్లో నీటిని పట్టి ఉంచేది అదేనండి. కడుపుతో ఉంటే ఆ హార్మోను పెరుగుతుంది, నెలసరి ఆగిపోయాక తగ్గిపోతుంది."

"పొయ్యి సెగకి ఎండిపోయాయనుకున్నానే. లోపల ఇంత కథ జరుగుతుందా?"

ఆవిడ తన అరచేతుల్ని తిప్పి తిప్పి చూసుకుంటుంటే నాకు ఒళ్ళు పులకరించింది. కంటికి కనబడనిది రక్తంలో తిరుగుతూ ఒకరి బుగ్గకు నీళ్ళు పడుతుంది, ఇంకొకరి చేతికి ఆపేస్తుంది. పరీక్షకు బట్టీపట్టిన రోజున కలగని ఆశ్చర్యం అప్పుడు కలిగింది. అక్కడితో ఊరుకుంటే నేనెందుకవుతాను? "హార్మోను తేలేను గానీ, ఆ యాసిడ్ సీరం నా దగ్గరుందండి" అంటూ సీసా తెచ్చి ఆవిడ రెండు చేతులకూ దిట్టంగా పట్టించాను.

రేకు ఉల్లిపొర కంటే పలచన. తడి కాస్త ఎక్కువైందా, అంతే సంగతులు. అత్తయ్యగారు అందుకున్న రేకు అరచేతికి తొడుగులా అంటుకుపోయింది. లాగితే చిరిగింది. ఇంకోటి అందుకుంటే ముద్దయింది. నేను చుడదామంటే నా చేతులూ జిగురే.

"కడుక్కుని రండి అత్తయ్యగారూ, సారెకు టైమైపోతుంది."

ఆవిడ అరచేతులు బుగ్గలకు ఆనించుకుని కళ్ళు మూసుకున్నారు.

"నేను కడుక్కోనమ్మాయ్. కడుపుతో ఉన్నదానివి, నువ్వూ వంగి కూర్చోకు. ఏవండీ, ఓసారి ఇలా వచ్చి కూర్చోండి."

పెరట్లో కొబ్బరికాయలు ఒలుస్తున్న మావయ్యగారు చేతులు కడిగి తుడుచుకుంటూ వచ్చారు.

"నాకు రాదే."

"నేను చెబుతాను కదండీ. నెయ్యి రాయండి. మెల్లిగా. అది రేకండీ, కాయ కాదు."

పూతరేకులు కాస్త వంకర్లు పోయినా సారె వేళకే వెళ్ళింది. పెళ్ళివారింటి నుంచి కబురు కూడా వచ్చింది: "ఎవరు చుట్టేరో గానీ చాలా బాగున్నాయండి."

మర్నాడు పొయ్యి వెలిగించకముందే అత్తయ్యగారు నా గది తలుపు కొట్టారు. "అమ్మాయ్, ఆ సీరం ఇంకా ఉందా?"

ఆవిడ వెనకాల నిలబడి మావయ్యగారు రెండు చేతులూ జోడించి లేదని చెప్పమని సైగ చేస్తున్నారు.

ఆ క్షణమే గోదారి తల్లి సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: మావయ్యగారు ఊళ్ళో లేనప్పుడు మా అత్తయ్యగారి చేతులకు సీరం రాయనంటే రాయను.