గీత అవతలి జాగా

ఇందులో ప్రతి మాటా నిజమేనని, ఇన్నేళ్లుగా నాకు అన్నం పెడుతున్న స్టీరింగు పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను. నా సంగతి తెలిసినవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి. మొన్న ఖమ్మంలో మా వీధి చివర రోడ్డు అంచున తెల్ల గీత గీసి, దాని అవతల సైకిలు బొమ్మ వేశారు. రంగు వాసన పోకముందే ఒకాయన ఆ బొమ్మ మీద మోటారుసైకిలు నిలబెట్టి టీకి వెళ్లాడు. ఆ వాసనకు లచ్చన్న గుర్తొచ్చాడు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, అశ్వారావుపేట మిల్లుకు పామాయిల్ గెలలు తోలే లారీ మీద నాకు డ్రైవింగు నేర్పింది ఆయనే. అప్పుడే ఆ దారిని వెడల్పు చేసి రెండంచులా తెల్ల గీతలు వేశారు. అవి ఎందుకో మా డ్రైవర్లలో ఎవరికీ తెలియదు. తెలియదని ఒప్పుకున్నవాడు లచ్చన్న ఒక్కడే. ఒప్పుకుని ఊరుకోలేదు, లారీ ఆపి కనిపించినవాళ్లనల్లా అడిగేవాడు. ప్యాసింజర్లను ఎక్కించుకునే చోటు అదేనన్నాడు ఒక ఆటో అతను. రోడ్డు పక్కన మక్కజొన్న ఆరబోసే ముత్తమ్మ, గింజలు అంతవరకే పోయమని హద్దు గీశారని చెప్పింది. సైకిలుకు వెదురు బుట్టలు కట్టుకుని సంతకు పోయే సోమయ్య, గీత అవతలంతా సైకిళ్లదేనన్నాడు. గేదెలు మాత్రం ఎవరినీ అడగలేదు. మంద మందంతా గీత మీదే వరుసగా నడిచేది, ఒక్క గిట్ట పక్కకు పడేది కాదు.

“ముగ్గురికీ గదే జాగ ఇచ్చిండ్రు,” అని లచ్చన్న తెగ మురిసిపోయాడు.

“మరి మనకేంది అన్నా?”

“ఇవతలంతా మన తాత జాగ అనుకుంటం గద. ఇంకేంది?”

వారం తిరగకముందే, ఒక పొద్దున నేను లారీ నడుపుతుంటే ఆయన పక్కనే, క్యాబిన్‌లోని ఇంజను బానెట్ మీద నన్ను ఆనుకుని కూర్చున్నాడు. ముందు సోమయ్య గీత అవతల తొక్కుకుంటూ పోతున్నాడు. ఎవరి జాగాలో వాళ్లం ఉన్నాం కదా అని నేను వేగం తగ్గించలేదు. సోమయ్యకు ఎదురుగా ముత్తమ్మ మక్కజొన్న, దాని చుట్టూ పేర్చిన రాళ్లు. గింజలు తొక్కడం ఇష్టంలేక ఆయన వెనక్కి చూడకుండానే గీత దాటి సరిగ్గా నా ముందుకు తిప్పాడు. నేను బలమంతా పెట్టి బ్రేకు తొక్కాను. బుట్టలకు జానెడు దూరంలో లారీ ఆగింది. సోమయ్య మక్కజొన్నను చుట్టి, మళ్లీ గీత అవతలికి దిగి, తన మానాన తాను వెళ్లిపోయాడు.

లచ్చన్న తిట్టలేదు. సోమయ్య వెళ్లిన వైపు చూపించి అన్నాడు. “గీత జూడకు తమ్మీ. గీత అవతల ఆయనకు ఎంత జాగ మిగిలిందో జూడు.”

ఈనాటికీ రోడ్డంచున గింజలో, గడ్డిమోపో, ఆగిన ఆటోనో కనిపిస్తే చాలు, నా కాలు దానంతటదే బ్రేకు మీదికి పోతుంది.

ఇక ప్రమాణం చేశాను కనుక చెప్పాలి. గేదెల సంగతి అబద్ధమని మీరు ఈపాటికి తేల్చేసి ఉంటారు. గేదెలు నిజమే. నేను కల్పించింది ఒక్కటే. ఆ పొద్దున బ్రేకు మీద పడ్డ కాలు లచ్చన్నది. నాది ఇంకా యాక్సిలరేటరు మీదే ఉంది.