తుల్జాపూర్ నడకకు మలీద ముద్దలు

మా మనవరాలికి ఈమధ్య గడ్‌లంటూ కోటలెక్కే పిచ్చి పట్టింది. శనివారం వస్తే చాలు, వీపున సంచి తగిలించుకుని స్నేహితురాళ్ళతో ఏ సహ్యాద్రి కొండలకో వెళ్ళిపోతుంది, ఆదివారం చీకటిపడే వేళకు బూట్ల నిండా ఎర్రమట్టితో హోట్గి రోడ్డులోని మా ఇంటికి తిరిగొస్తుంది. మొన్న అలాగే వచ్చి సంచి దులుపుతుంటే వెండి కాగితం చుట్టిన చిన్న బిళ్ళ ఒకటి నా ఒళ్ళో పడింది. "ఆజీ, ఎనర్జీ బార్ అది. ఒక్కటి తిన్నవంటే గడ్ ఎక్కి దిగేదాంక ఆకలే గాదు, తిని చూడు" అంది. ఖర్జూరం ఎంత, బాదం ఎంత, తేనె ఎంత అని కాగితం మీద అచ్చువేసి ఉంది. ఉన్న నాలుగు పళ్ళతోనే నమిలాను. బాగుంది, అబద్ధమెందుకు చెప్పాలి? అయినా నములుతూనే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బిళ్ళ గట్టిగా ఉండి పన్ను నొప్పి పుట్టిందేమో అనుకుంది పిల్ల. అవునన్నాను.

మన ఈడువాళ్ళకు నేను కొత్తగా చెప్పాల్సిన పని లేదు, సోలాపూర్‌లో దసరా వెళ్ళి కోజాగిరి పున్నం దగ్గరపడుతుంటే మన వాడల్లో సగం మరమగ్గాలు ఆగిపోయేవి, ఆ సాంచాల మోత తగ్గి మనిషి మాట మనిషికి వినపడేది, అందరూ తుల్జాపూర్ అమ్మవారి దగ్గరికి చెప్పులు లేకుండా నడిచి వెళ్ళడానికి తయారయ్యేవాళ్ళు. ఆ నడకకు మన తెలుగు ఇళ్ళల్లో కట్టి ఇచ్చేది మలీద. సద్దుల బతుకమ్మ నాడు గౌరమ్మకు పెట్టుకునేదే. వేడివేడి సజ్జరొట్టెలను చేత్తో నలిపి, బెల్లం, పల్లీపొడి, నువ్వులు, ఇంత నెయ్యి వేసి, బాగా మర్దించి, పిడికిట్లో గట్టిగా నొక్కి కట్టిన ముద్దలు. పాత చాదర్ దుప్పటి ముక్కలో మూటకడితే రెండు రోజులైనా పాడయ్యేవి కావు, ఒకటి తిని నీళ్ళు తాగితే కాళ్ళు మళ్ళీ కదిలేవి.

కొంతం చౌక్ వెనక సందులో మాది ఒకటే గది. నాన్న చాదర్లు నేసేవాడు, అమ్మ బీడీలు చుట్టేది. చాట ఒళ్ళో పెట్టుకుని పొద్దంతా తంబాకు నలిపే చేతులవి. గోళ్ళ సందుల్లో చేరిన ఆ పొడి బూడిదతో తోమినా, నిమ్మచెక్కతో రుద్దినా పూర్తిగా పోయేది కాదు. అందుకని అమ్మ కట్టిన ముద్దలో బెల్లం తీపి అయిపోగానే నాలుక చివర కాస్త చేదు, కాస్త ఘాటు తగిలేవి. నాన్నతో నడిచే కార్ఖానా వాళ్ళు ఊరుకుంటారా? "వదినా, నీ మలీద తింటే మాకు తంబాకు ఖర్చు తప్పుతది" అని ఆటపట్టించేవాళ్ళు. అమ్మ ముఖం ముడుచుకునేది. నాన్న మాత్రం వాళ్ళు వదిలేసినవి కూడా తినేవాడు. ఆయన మాటకంటే తిండితోనే ఎక్కువ మాట్లాడే మనిషి.

నాకు ఓణీ వేసిన ఏడే నాన్న గొంతు బొంగురుపోయింది. దుమ్ము వల్ల అనుకున్నాం, కార్ఖానాలో ఎవరి గొంతు బాగుంది గనుక? కషాయాలతో తగ్గకపోయేసరికి పెద్ద దవాఖానాకు తీసుకెళ్తే, డాక్టరు చాలాసేపు చూసి, తంబాకు గాలి కూడా ఈయనకు తగలొద్దని గట్టిగా చెప్పాడు. సరిగా చుట్టలేదని కంపెనీ వాళ్ళు తీసిపారేసిన బీడీలను అమ్మ తిరిగి ఇంటికి తెచ్చేది, నాన్న తాగేది అవే. ఆ మాట విన్నాక అమ్మ చాట తీసుకుని పక్కింటి అరుగు మీదికి పోయి చుట్టడం మొదలుపెట్టింది. ఇంట్లోకి వచ్చేముందు చీర కూడా దులుపుకునేది. నాన్న పక్కన కూర్చోవడానికే భయపడేది, ఆమెను చూస్తే నాకు ఏడుపొచ్చేది.

పున్నం వచ్చింది. ఈసారి వద్దని అమ్మ బతిమాలింది. అమ్మవారి మెట్టు మీద తల ఆనిస్తే తన రోగం కుదురుతుందని నాన్న మొండికేశాడు, చివరికి తోడుగా నేను వెళ్ళేటట్టు ఒప్పందం కుదిరింది. ఇక మలీద కట్టాలి. అమ్మ రొట్టెలు కాల్చే పెనం పొయ్యిమీద పెట్టి, తన చేతులకేసి చాలాసేపు చూసుకుని, పెనం దించేసి, మా మేనత్తను పిలుచుకొచ్చింది. అత్త టవాళ్ళ అంచులు కుట్టేది, ఆమె చేతికి తంబాకు తెలియదు. అత్త ముద్దలు కడుతుంటే అమ్మ గడప అవతల నిలబడి, ఇంకాస్త నెయ్యి వెయ్యమని, బెల్లం తక్కువైందని చెప్తూ ఉంది. ఒక్కటంటే ఒక్కటి ముట్టుకోలేదు.

తెల్లవారుజామునే అందరికంటే ముందు బయలుదేరాం. నాన్న మెల్లగా నడిచాడు, వెనకవాళ్ళందరూ ఉదో ఉదో అని అమ్మవారికి జేకొడుతూ మమ్మల్ని దాటిపోయారు. ఎండ ముదిరాక ఒక వేపచెట్టు కింద కూర్చుని మూట విప్పాను. నాన్న ఒక ముద్ద విరిచి నోట్లో వేసుకుని, కాసేపు అలాగే ఉంచుకుని, పక్కకు తిరిగి ఉమ్మేశాడు. "ఇవి మీ అమ్మ చేతియి గావు బిడ్డా. నాకు లోపలికి వోతలేవు. నువ్వు తిను" అన్నాడు. తర్వాత నీళ్ళు తాగితే సగం ముక్కులోంచి వచ్చాయి, కండువాతో ముఖం కప్పుకున్నాడు. నాకు భయమేసింది, కాని దేనికి భయపడాలో తెలిసే వయసు కాదు. ముద్ద మాత్రం ఎంత తియ్యగా ఉందో చెప్పలేను.

తుల్జాపూర్ ముందున్న కొండదారిని నాన్న ఉట్టి నీళ్ళతోనే ఎక్కాడు. అమ్మవారి మెట్టు మీద తల ఆనించి, నేను లేపేదాకా లేవలేదు. బస్సులో ఇంటికొచ్చాక అమ్మ మూట బరువు చూసి ముఖం మాడ్చుకుంటే, నాన్న నవ్వుతూ ఆమె చెయ్యి పట్టుకుని, "నీ చెయ్యి దగలంది నాకు లోపలికి పోతదా?" అన్నాడు. ఆమెను సంతోషపెట్టడానికే అన్నాడు. ఉగాది రాకముందే పోయాడు.

గొంతులో పుండు పెరిగి అప్పటికే దారి మూసుకుపోయిందని, ఎవరు కట్టిచ్చినా ఆయన మింగలేకపోయేవాడని డాక్టరు మాకు విడమరచి చెప్పాడు. నేనూ ఎన్నోసార్లు చెప్పాను. అమ్మ వినలేదు. "నేను కట్టియ్యకపోతి. ఉపాసం నడిపిస్తి" అని బతికున్నన్నాళ్ళూ అదే మాట. మొదట్లో నాకు కోపం వచ్చేది, లేని తప్పును ఎందుకు నెత్తినేసుకుంటుందని అరిచేదాన్ని కూడా. నాకూ భర్త పోయాకే అర్థమైంది. రోగం వల్ల పోయాడంటే అందులో ఆమెకు భాగం లేదు, ఆమె చేతి ముద్ద లేక పోయాడంటే ఆయన ఇంకా ఆమె చేతికోసం ఆకలిగా ఎదురుచూస్తున్నట్టే. ఆ తప్పును వదిలేస్తే ఆమెకు ఇక ఏం మిగులుతుంది?

ఆ తర్వాత ప్రతి కోజాగిరికీ అమ్మ తన చేత్తోనే మలీద కట్టి, ఊరి చివర తుల్జాపూర్ రోడ్డు పక్కన గంప పెట్టుకుని కూర్చునేది. నడిచేవాళ్ళు తీసుకునేవాళ్ళు, కొందరు ముఖం చిట్లించినా ఆమె ఎదుట తినేసేవాళ్ళు. ఒక్కొక్కరు మింగేదాకా వాళ్ళ గొంతుకేసి చూస్తూ ఉండేది. కాళ్ళు పడిపోయేదాకా మానలేదు.

నడిచేవాళ్ళు ఇప్పుడు అప్పటికంటే ఎక్కువే, పోయినేడు కొడుకు బండి మీద వెళ్ళి చూసి వచ్చాను. దారి పొడుగునా పందిళ్ళు, అరటిపళ్ళు, నీళ్ళ సీసాలు, బిస్కెట్ పొట్లాలు. నడక ఆపకుండానే అందుకుని వెళ్ళిపోతున్నారు. ఇచ్చినవాళ్ళ ముఖం వీళ్ళకు తెలియదు, తిన్నారో లేదో వాళ్ళకు తెలియదు. రేపు మా మనవరాలు కొండమీద ఏమీ తినకుండా తిరిగొస్తే, నేను కట్టియ్యకపోతినే అని కుమిలిపోయే చెయ్యి ఎక్కడా ఉండదు. మా అమ్మ పడ్డ దుఃఖం ఈ ఇంట్లో ఇక ఎవరికీ రాదు. మంచిదే. మంచిదేనని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.