మా అత్తగారు చెప్పిన సాక్ష్యం

మా అత్తగారికి కీళ్లవాతం. పొద్దున లేస్తే వేళ్లు ముడుచుకోవు, చెంబు పట్టలేదు. బెజవాడ డాక్టరుగారి మాత్రలు వేసుకుంటే నొప్పి ఆగేది గానీ చెవుల్లో హోరు, కడుపులో మంట. కంకిపాడు మందుల కొట్టాయన మా చర్చి సంఘంవాడే, నూనె నింపిన విటమిన్ గొట్టాలు ఇచ్చాడు. "ఇనుముకి తుప్పు పట్టినట్టే కీళ్లకీ పడుతుంది పిన్నిగారూ. ఇవి దాన్ని ఆపుతాయి" అన్నాడు. మాకు సబబుగానే తోచింది.

మూడు వారాలకి వాపు దిగింది. కొప్పు తనే చుట్టుకుంది. ఆ ఆదివారమే చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది: "దేవుడు ఈ గొట్టాలు చూపించి నన్ను బాగుచేశాడు. డాక్టరు మాత్రలు మానేశాను." అందరూ స్తోత్రం అన్నారు.

మాలో చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకోవడం ఉండదు. వానలు పడేసరికి నొప్పి తిరిగొచ్చింది. "అమ్మాయ్, ఆ మాత్రలు తెప్పించవే" అంది చాటుగా. కాపరానికొచ్చిన కొత్తలో నా వంట వీధంతా చెప్పి నవ్వించిన మనిషి. నేనేమన్నా తక్కువ తిన్నానా! "దేవుడు బాగుచేసిన చేతులకి మాత్రలెందుకత్తయ్యా?" అని, నానిన మినప్పప్పు రుబ్బురోట్లో పోసి ఆవిడకి పీట వేశాను. మామగారు కుర్చీలోంచి, "ఇప్పుడు మూలిగితే దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేసినట్టే" అన్నారు.

ఆవిడ మూలగలేదు. మూలగట్లేదు కాబట్టి గొట్టాలు పనిచేస్తున్నాయని ఊరంతా నమ్మింది. పొత్రం తిప్పే చెయ్యి రోజూ చూసేదాన్ని, నేను మాత్రం నమ్మలేదు.

రెండేళ్లకి వేళ్లన్నీ చిటికెనవేలి వైపు వాలిపోయాయి. అన్నం కలుపుకోలేకపోతే అప్పుడు బెజవాడ తీసుకెళ్లాం. "ఈ జబ్బు తనంతట తనే కొన్నాళ్లు తగ్గి మళ్లీ వస్తుందమ్మా. ఆ మూడు వారాలు చూసి మందు మానేశారు. ఇక ఈ వేళ్లు తిన్నగా రావు. ఎవరు మానమన్నారు?" అన్నాడు డాక్టరు.

"ఎవరూ అనలేదండీ" అంది. నా వైపు చూడనైనా లేదు.

తిరుగు బస్సులో ఉయ్యూరు వెళ్లే ఒకావిడ కూతుర్ని వెంటబెట్టుకుని ఎక్కి పక్కన కూర్చుంది. "వదినగారూ, మీ సాక్ష్యం విన్నానండీ. మా పిల్లకి ఇరవై ఏళ్లకే వేళ్లు వాస్తున్నాయి. డాక్టరుకి చూపిద్దామనుకుంటున్నాం. ఆ గొట్టాల పేరేంటండీ?"

అత్తగారు చేతులు పమిట కింద దాచుకుని పేరు చెప్పింది. "చాలా మంచివండీ" అని కూడా అంది. వద్దని నేను అనొచ్చు. అంటే ఆ రుబ్బుడు సంగతీ బయటికొస్తుంది. కిటికీ వైపు తిరిగాను.

ఆ పిల్ల మరిచిపోతానేమోనని పేరు రెండుసార్లు పైకి అనుకుంది.