బడ్జెట్ సభలో శ్మశానం దారి

మా అత్తగారు పోయింది వానాకాలంలో. రెండు రోజులుగా ముసురు వదల్లేదు. మా వార్డులో శ్మశానానికి వెళ్ళే దారి వాగు గట్టున పోతుంది. నల్లరేగడి నేల కావడంతో వాన పడితే మనిషి కాలు దిగబడిపోతుంది. ఆడవాళ్ళం వీధి మలుపు దగ్గరే ఆగిపోయాం. పాడె మోసినవాళ్ళు తిరిగి వచ్చేసరికి నడుముల దాకా బురద. పెద్దకర్మ అయిపోయాక ఒక మధ్యాహ్నం మా ఆయన తనంతట తనే అక్కడ జరిగింది చెప్పాడు. వాగు వంపు దగ్గర వాళ్ళన్న కాలు జారిందట. పాడె ఒరిగి అత్తగారి తల బురదకు తగిలిందట. అన్న మోకాళ్ళ మీద కూలబడి, పైపంచెతో తల్లి ముఖం తుడుస్తూ వెక్కివెక్కి ఏడ్చారట.

ఆ అన్నే నాకు బావగారు. మా వార్డు కౌన్సిలరు కూడా. ఎన్నికలప్పుడు ఆయన కోసం కుంకుమ భరిణె పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి బొట్టుపెట్టినదాన్ని నేను. దారి సంగతి ఆయన్ని ఇంట్లోనే రెండుసార్లు అడిగాను. మొదటిసారి చూద్దామన్నారు. రెండోసారి నేను మాట మొదలుపెట్టగానే ఫోను చెవిన పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయారు.

మిరపకోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పారు. వచ్చే ఏడాది పురపాలక బడ్జెట్ మీద ప్రజల సలహాలు తీసుకుంటారనీ, అందరూ కల్యాణ మండపానికి రావాలనీ చెప్పారు. నేను వెళ్తానన్నాను. మా ఆయనకు నచ్చలేదు.

"ఏమే, అన్న కూర్చున్న సభలో నీకేం పని? పరువు తీయబాక" అన్నాడు.

నేను చీర మార్చుకుని బయల్దేరాను.

మండపంలో ముందు వరసలన్నీ పొదుపు సంఘాల ఆడవాళ్ళతో నింపారు. రాకపోతే లోన్ల దగ్గర మాట వస్తుందని వచ్చినవాళ్ళే ఎక్కువ. చేతుల్లో మజ్జిగ ప్యాకెట్లు. వెనక వరసల్లో అవతలి పార్టీవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చున్నారు. సలహా ఇద్దామని వచ్చిన ముఖం ఒక్కటీ లేదు. వేదిక మీద ఛైర్‌పర్సన్ గారు మౌనంగా కూర్చుంటే, ఆమె భర్త మైకు పట్టుకుని స్వాగతం చెప్పాడు. కమిషనర్ తల ఎత్తకుండా కాగితాలు చదువుకుంటూ పోయాడు. సగం ఇంగ్లీషు. నాకు అర్థమైనంతలో ఊరి మొదట్లో స్వాగత తోరణం, మెయిన్ రోడ్డు మధ్య రంగు లైట్లు, ఒక పార్కు. తోరణం మాట రాగానే వేదిక మీద కూర్చున్న బావగారు చిన్నగా తల ఊపారు. అది మా వార్డులోనే కట్టేది. ఆయన అడిగి వేయించుకున్నది.

వెనకనుంచి ఒకడు లేచి మురుగు కాలవల సంగతేంటన్నాడు. మీ హయాంలో మీరేం తవ్వారని బావగారి పార్టీవాళ్ళు లేచారు. తాతల నాటి తగాదాలు కూడా బయటికొచ్చాయి. ఒకరిద్దరు కుర్చీలు పైకెత్తారు. కానిస్టేబుల్ వచ్చి మధ్యలో నిలబడ్డాడు. ఆ రభస కాస్త సద్దుమణిగాక నేను లేచాను. జనంలో మైకు తిప్పే మనిషి నావైపు కాకుండా బావగారి వైపు చూశాడు. ఆ మైకు నాకు రాదని తెలిసి వేదిక దగ్గరికే నడిచాను. శ్మశానం దారికి ఈ బడ్జెట్‌లో ఏమైనా పెట్టారా అని కమిషనర్‌ని అడిగాను. ఆయన కాగితాలు తిరగేసి ఈ ఏడాదికి లేదన్నాడు.

బావగారు నవ్వుతూనే అన్నారు. "కూర్చో అమ్మాయ్. ఇంటికొచ్చి మాట్లాడతాలే."

"శ్మశానం గొడవ ఆడదానికేంది?" అని ఎవడో వెనకనుంచి అన్నాడు.

"పోయేది మేము గూడా ఆ దారినే గదా" అన్నాను.

ముందు వరసల్లో ఆడవాళ్ళు ఫక్కున నవ్వారు. ఆ నవ్వుకు బావగారి ముఖం మారిపోయింది. లేచి నిలబడి వెనక వరసల వైపు వేలు చూపించారు.

"ఎవురు నేర్పి పంపించారు నిన్ను? ఎవురి మాటలియ్యి?"

అంతవరకూ నాకు దారి సంగతి తప్ప మరొకటి మనసులో లేదు. నాకంటూ ఒక మాట ఉండదా అనిపించి ఒళ్ళు మండింది.

"నాకెవురూ నేర్పలేదు బావగారూ. మీ అమ్మ తల బురదలో పడితే పైపంచెతో తుడిచింది మీరే. ఆ దారి మీకే గుర్తులేకపోతే ఇంకెవురికి గుర్తుంటది?"

బావగారు చూపించిన వేలు దించి కుర్చీలో కూర్చున్నారు. నాకు జాలి కలగలేదు. మరుక్షణం అవతలి పార్టీవాళ్ళు ఈలలు, చప్పట్లు. వాళ్ళ ఆనందం చూస్తే నాకు ఇంకా అసహ్యం వేసింది. మీరేం చప్పట్లు కొట్టబాకండి, మీరున్నప్పుడు గూడా ఆ దారి అట్టానే ఉంది అన్నాను. దాంతో రెండు వైపులవాళ్ళూ కలిసి నన్నే తిట్టడం మొదలుపెట్టారు. ప్రజల సలహాలు స్వీకరించామని చెప్పి కమిషనర్ సభ ముగించాడు.

నేను నడిచి ఇంటికి చేరేలోపు, సభలో ఎవరో ఫోనులో తీసిన వీడియో చేరింది. మా ఆయన గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"మా అమ్మ పాడె సంగతి నీకు చెప్పింది సభలో పెట్టటానికా?" అన్నాడు.

నేను లోపలికి నడిచాను. కారంపూడి నుంచి ఆడపడుచు ఫోన్ చేసి, చచ్చిపోయిన మనిషిని బజారుకీడ్చావని నోటికొచ్చినట్టల్లా అంది. ఆ వేసవిలో ఒక పెళ్ళికి వెళ్తే, నేను కూర్చున్న బంతిలోంచి బావగారు తింటున్న విస్తరి వదిలేసి, చెయ్యి కూడా కడగకుండా లేచి వెళ్ళిపోయారు. చుట్టాలందరూ చూశారు. నేను తినే లేచాను.

దారి మాత్రం వచ్చింది. వీడియో పార్టీ పెద్దల దాకా పోయిందనీ, బడ్జెట్ ఆమోదించే ముందు ఆ పని కలిపారనీ తర్వాత తెలిసింది. తోరణం కూడా లేచింది. వానలకు ముందే వాగు గట్టున సిమెంటు రోడ్డు పోశారు. బావగారు కొబ్బరికాయ కొట్టారు. ఫ్లెక్సీ మీద ఆయన ఫోటో పక్కన అత్తగారి ఫోటో, తల్లి రుణం తీర్చుకున్న తనయుడని రాతలు. మమ్మల్ని పిలవలేదు. మా ఆయన ఒక్కడే వెళ్ళి జనం వెనక నిలబడి వచ్చాడు. నన్ను తిట్టిన నోళ్ళే వాళ్ళన్నను పొగిడాయని చెప్పాడు.

మరుసటి ఏడాది మైకు ఆటో రాలేదు. సలహాలుంటే పెట్టెలో వెయ్యమని ఆఫీసు గోడకు ఒక కాగితం అంటించారు.

మొన్న కూరగాయల బజారులో తోటికోడలు ఎదురైంది. ఆమె నాతో మాట్లాడటం ఆ సభ తర్వాత అదే మొదలు. బావగారు రోజూ తెల్లవారగానే ఆ రోడ్డునే నడిచి వాళ్ళమ్మను కాల్చిన చోటు దాకా వెళ్ళి వస్తారని చెప్పింది.

"నీ పేరెత్తితే మాత్రం అన్నం ముద్ద కింద పెట్టేస్తాడే" అంది.

నేను వంకాయలు ఏరుకుంటూ విన్నాను. ఆయన నడుస్తున్నందుకు సంతోషమే. నాకూ ఆయన మీద కోపం పోలేదు.